ఏడు చోట్ల రాళ్ళు

గుంజ నీడ ఆ తెల్లరాయిని తాకేదాకా కూర్చోవాలట. ఇంకా మూరెడు దూరం ఉంది. సింహాచలం నీడ వంక చూశాడు, రాయి వంక చూశాడు, మళ్ళీ నీడ వంక చూశాడు. చూసినకొద్దీ నీడ కదలడం మానేసిందేమో అనిపించింది. దారికి అటూ ఇటూ రెండు గుంజలు పాతి, నడుమెత్తున వెదురు అడ్డం కట్టి, ఆ వెదురుకి మామిడాకులూ ఇప్పపూల గుత్తులూ వేలాడదీసి, దాని వెనకాల పదిహేనుమంది ఆడవాళ్ళు వరసగా నిలబడితే ఎంత సర్కారు కచేరీ మనిషైనా ఆగి తీరవలసిందే. చైత్రమాసంలో ఇటుకల పండగ వచ్చిందంటే కొండమీద ఇదీ వరస. మగవాళ్ళందరూ విల్లంబులు పట్టుకుని వేటకి అడవిలో పడతారు, వాళ్ళు తిరిగొచ్చేదాకా దారులన్నీ ఆడవాళ్ళవి. వచ్చేపోయేవాడెవడైనా ఏదో ఒకటి ఇచ్చుకుని కదలాలి. వేట దొరకక వట్టి చేతులతో తిరిగొచ్చిన సొంత మొగుళ్ళ మీదే పేడనీళ్ళు కుమ్మరించే ఈ తల్లులు, శృంగవరపుకోట నుంచి వచ్చిన ఖాకీ నిక్కరు మనిషిని ఊరికే వదిలిపెడతారా?

ఇవ్వడానికి అతని దగ్గర ఏమైనా మిగిలితే కదా. హుకుంపేట వైపు నుంచి తిరిగొస్తుంటే మొదటి రెండు ఊళ్ళ అడ్డాల దగ్గర చిల్లర అయిపోయింది, మూడో ఊళ్ళో జేబురుమాలు పోయింది, ఈ పనసగుడ చేరేసరికి ఒంటి మీద మిగిలినవి సర్కారు సొత్తూ, చెమటా. పొద్దున్న డుంబ్రిగుడ నుంచి ఇటే ఎక్కి వెళ్ళినప్పుడు ఈ వెదురు లేదు. గుంపుకి పెద్ద రాజులమ్మ అనే ముసలామె. నిప్పు నోట్లోపలికి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, అతన్నీ సైకిలునీ కిందనుంచి పైదాకా చూసింది.

“పాటొచ్చేటి బాబూ?” అంది. రాదన్నాడు.

“పోనీ మాతోటి ఆడతావేటి?” అదీ రాదన్నాడు.

“మరేటొచ్చు నీకు?”

“సైకిలు తొక్కడం వచ్చు,” అన్నాడు సింహాచలం, ఆ మాట అనకుండా ఉండవలసిందని అనేశాక తెలిసింది.

“ఓలమ్మో! పొద్దుగాల దాని మీద నువ్వెక్కినావేటి, నీ మీద అదెక్కినాది గానీ! మేం సూడనేదేటి?” అందామె. గుంపంతా పగలబడి నవ్వింది. ఒక్కతె నవ్వలేదు, చివరి గుంజకి ఆనుకుని నిలబడిన మనిషి. “సరే, నీకాడ ఇచ్చీదానికేటీ నేదు. నీ పొద్దే ఇచ్చీయి. ఆ గుంజ నీడ తెల్లరాయి కాడికొచ్చీసరికి ఒగ్గేత్తాం. అందాకా కూకో.”

కూర్చున్నాడు. పొద్దు ఇచ్చెయ్యడమట! ముప్పై ఏళ్ళొచ్చినా తన పొద్దుకి ఇంత విలువ కట్టినవాళ్ళు ఇంతవరకు లేరు. కచేరీ గుమ్మం పక్కన బల్లమీద ఎన్ని పొద్దులు పోశాడు, అడిగినవాళ్ళున్నారా? హెడ్డు గుమాస్తా సర్వేశ్వరరావుగారు ‘ఉండవోయ్’ అన్నారంటే ఉండడమే, ఆయన భోజనం చేసి, కునుకు తీసి, తాంబూలం వేసుకుని వచ్చి ‘ఇంకా ఇక్కడే ఉన్నావా’ అని ఆశ్చర్యపోయేదాకా ఉండడమే. ఆరేళ్ళుగా తన పేరు పక్కన ‘తాత్కాలికం’ అనే మాట ఉంది. ఏటేటా చైత్రం రాగానే ఆ ఉత్తరువుకి ఆయువు తీరిపోతుంది, మళ్ళీ ఎవరో దయతలిచి పొడిగిస్తారు, ఆ పదిహేను రోజులూ మామగారింట్లో అన్నం ముద్ద గొంతు దిగదు. మామగారు మంచివాడే, నోరెత్తి ఒక్క మాట అనడు, అనకపోవడంతోనే చంపుతాడు. భార్య చిన్నమ్మలు మాత్రం పడుకునేటప్పుడు గోడవైపు తిరిగి ‘ఈ ఏడైనా ఖాయం చేస్తారా’ అంటుంది, అదీ అతన్ని కాదు, గోడని అడుగుతుంది. గోడ ఏం చెబుతుంది పాపం? అటు మామగారిల్లు, ఇటు కచేరీ బల్ల, మధ్యలో ఈ వెదురు కర్ర. ఈ వెదురు నయం, ఎప్పుడు లేస్తుందో ముందే చెప్పారు.

దూరంగా పనసచెట్టుకి ఆనించిన సైకిలు చుట్టూ ఆడపిల్లలు మూగారు. ఒకతె గంట మోగించి, తనే ఉలిక్కిపడి, నాలుగడుగులు వెనక్కి పరిగెత్తి, మళ్ళీ వచ్చి మోగించింది. మోగించనీ. సర్కారు గంట. సైకిలు సర్కారుదైనా దాని ఒళ్ళెరిగినవాడు తను. శృంగవరపుకోట సంతబయలులో, సంత లేని రోజుల్లో, మోకాళ్ళు చీరుకుపోయేలా పడిపడి నేర్చుకున్నాడు. పిల్లలు వెంటపడి చప్పట్లు కొట్టేవాళ్ళు. మొదటిసారి కాలు నేలకి తగలకుండా బయలు చుట్టూ తిరిగినప్పుడు గుండెల్లో లేచినది ఇప్పటికీ మరిచిపోలేదు. పెళ్ళినాడు కూడా అంత సంతోషపడలేదు, ఈ మాట చిన్నమ్మలుతో అనకూడదు గానీ. కచేరీలో మరెవరికీ తొక్కడం రాదు. సర్వేశ్వరరావుగారు ఓసారి ఎక్కి, పంచె చక్రంలో పడి, కచేరీ మెట్ల మీదనుంచి దండాలు పెడుతున్నట్టు పడ్డారు. ఆ తరవాత దానిపేరెత్తితే ఊరుకోరు. అందుకని కొత్త ఇంజనీరు దొర వచ్చి, కొండల్లో సైకిలు మీద తిరగడానికి పనికొచ్చే దారులేవో నాకు కావాలి, తొక్కి చూసి రాసుకొచ్చేవాడెవడు అని అడిగితే, బల్లమీద కూర్చున్న సింహాచలం లేచి నిలబడ్డాడు. పిలవకుండానే లేచాడు. ఆ లేవడం ఇప్పుడు తలుచుకుంటే కాళ్ళు విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

మన్యంలో సర్కారు మీద లేచిన పితూరీ అణిగి రెండేళ్ళయింది. అప్పటినుంచి పైవాళ్ళకి కొండదారుల మీద ఒకటే మోజు. గుర్రం కంటే సైకిలు చవక, గడ్డి మెయ్యదు, పులికి బెదరదు. సైకిలు వెళ్ళగల దారి ఉంటే దాన్ని వెడల్పు చెయ్యొచ్చు, వెడల్పు చేస్తే బండి వెళ్తుంది, బండి వెళ్తే పోలీసులు వెళ్తారు. ఈ ఏటికి మూడు దారులు చూడమన్నాడు దొర. ఒకదాంట్లో కొండవాగు, ఇక్కడివాళ్ళ మాటలో గెడ్డ, రెండు నిలువుల లోతున కోసుకుపోయింది, సైకిలు కాదు కోతి కూడా దాటదు. రెండోదాంట్లో అరమైలు బురద. మిగిలింది ఇదీ, హుకుంపేట నుంచి పనసగుడ మీదుగా డుంబ్రిగుడకి దిగేది. దొర పెట్టిన సూత్రం ఒకటే. అయిదు చోట్లకి మించి సైకిలు దిగవలసి వస్తే ఆ దారి కొట్టెయ్యి. ఇంకో మాట కూడా అన్నాడు, సర్వేశ్వరరావుగారు దాన్ని తెలుగులో మరింత ఘాటుగా చెప్పారు. “నువ్వు వెళ్తుందని రాసిన దారి దొరగారు చూడరు. వెళ్ళదని రాసినది చూస్తారు. బద్ధకించి రాశావని తేలిందో, నీ ఉత్తరువు ఆఖరు. దారి దొరికిందా, నిన్ను ఖాయం చేయించే పూచీ నాది.” దొర ఇప్పుడు డుంబ్రిగుడలో గుడారం వేసుకుని ఉన్నాడు. చీకటిపడేలోగా పుస్తకం అందాలి, వెళ్ళదని ఉంటే తెల్లవారి దొర సైకిలెక్కి చూస్తాడు. వానలు పడగానే దొరకి బదిలీ అట. ఈ ఏడు ఈ దారి తప్పిందంటే మళ్ళీ ఇటు చూసేవాడు ఉండడు.

అంతా బాగానే ఉంది. దారే మరీ బాగుంది, అదీ ఏడుపు. ఇన్ని కొండలు తిరిగాడు గానీ ఇలాంటి దారి చూడలేదు. పనసగుడ గట్టునుంచి డుంబ్రిగుడ గెడ్డదాకా ఎవరో పనిగట్టుకుని చెక్కినట్టు, ఎక్కడా నిట్టనిలువు లేకుండా, ఎక్కడా మరీ చదునైపోకుండా, కొండ నడుం మీదుగా వాలుగా జారిపోతుంది. ఎర్రమట్టి గట్టిపడి ఉంది, చక్రం కింద కరకరలాడుతుంది గానీ కూరుకుపోదు. ఎడమచేతి వైపు లోయ, లోయలో ఇప్పచెట్లు, వాటి వాసన. కుడిచేతి వైపు కొండ. రాళ్ళు మాత్రం ఏడు చోట్ల ఉన్నాయి, ఎప్పుడో పైనుంచి దొర్లి వచ్చి దారి మధ్య కూర్చున్నవి. మనుషులు వాటి పక్కనుంచి ఒంటికాలి మీద తప్పుకుని పోతారు, వాటిని కదపవలసిన అవసరం వాళ్ళకి లేదు. పొద్దున్న ఏడుసార్లూ దిగి, సైకిలు భుజాన వేసుకుని, ఆ రాళ్ళమీద దేకాడు. రెండో చోట ఒళ్ళు మండి ఒక రాయిని నెట్టి చూశాడు, అది ఏ మాత్రం చలించలేదు, అతని నడుమే కలుక్కుమంది. అయినా నెడుతూనే అనుకున్నాడు, ఇవి లేకపోతేనా! ఇవి లేకపోతే పనసగుడలో పెడలు మీద కాలు పెట్టినవాడు డుంబ్రిగుడలో దించొచ్చు. ‘ఏడు చోట్ల రాళ్ళున్నవి, తీయించిన యెడల దివ్యముగా వెళ్ళును.’ ఈ ఒక్క వాక్యం పొద్దున్నుంచీ బుర్రలో తిరుగుతోంది. రాస్తే నిజం రాసినట్టు. రాస్తే తను ఖాయం. రాయడానికి చెయ్యి రాదు.

జాకరవలస. నిరుడు ఆ ఊరి దారి గురించి ఇలాగే రాశాడు. ‘కొంచెం వెడల్పు చేయించిన యెడల సైకిలునకు బహు సుఖముగా ఉండును.’ ఆ ‘బహు’ ఎందుకు రాశాడు? దొర చదివి మెచ్చుకుంటాడని రాశాడు, ఇంకెందుకు. మెచ్చుకున్నాడు కూడా. రెండు నెలలకి ఆ ఊళ్ళ పెత్తందారు ముఠాదారు మనుషులు ఊరూరా తిరిగి ఇంటికో మగవాణ్ణి వెట్టికి రమ్మన్నారు, పలుగు నీదే, పార నీదే, గంజి నువ్వే తెచ్చుకో. తను కొలతగొలుసు పట్టుకుని అక్కడే తిరిగాడు. మూడో మలుపులో కొండకి పక్కటెముకలు తీసినట్టు తవ్వారు. వాన పడ్డ మర్నాడు ఆ మట్టికట్ట జారింది, కింద ఒక మనిషి. తవ్వి తీసేసరికి మధ్యాహ్నం అయింది. సోంబరట, సోమవారం పుట్టాడు కాబోలు, ఈ కొండమీద పుట్టిన వారాన్ని బట్టే సగం పేర్లు. నోట్లోంచి మట్టి తీస్తుంటే చూశాడు సింహాచలం. చూసి, గొలుసు చుట్టి భుజాన వేసుకుని, కొలతలు అయిపోయాయి కదా అని కిందికి దిగిపోయాడు. ఇంకేం చెయ్యాలో తోచలేదు. ఇప్పటికీ తోచదు. ఆ దారిలో దొర ఒకే ఒక్కసారి సైకిలు మీద వెళ్ళాడు, చాలా అందంగా ఉందన్నాడు, మళ్ళీ వెళ్ళలేదు.

“తాగు బాబూ.”

ముందు ఆకుదొప్ప కనపడింది, తరవాత దాన్ని పట్టుకున్న చెయ్యి, తరవాత మొహం. చివరి గుంజ దగ్గర నవ్వకుండా నిలబడిన మనిషే. పాతికేళ్ళుంటాయేమో. ముక్కున కమ్మి లేదు, మెడలో పూసలు లేవు, పండగ పూట కొప్పులో పువ్వు కూడా లేదు. దొప్పలో అంబలి, పుల్లగా, చల్లగా. అతను తాగుతున్నంతసేపూ ఆమె సైకిలు వంకే చూసింది, పిల్లలు చూసినట్టు కాదు, గొడ్డును చూసి ఎంత బరువు లాగుతుందో అంచనా కట్టేవాళ్ళు చూసినట్టు. తాగడం అవగానే దొప్ప తీసుకుని వెళ్ళిపోయింది.

“మా ఆడగుంటే,” అంది రాజులమ్మ, అతను అడక్కుండానే, పక్కన చతికిలబడి. “బుద్రి. నాకు మేనకోడలు. జాకరవలస ఇచ్చినాం. మొగుడు సోంబరని, నెమ్మదైనోడు. నిరుడు రోడ్డు పనికి రమ్మంటే ఎల్లినాడు, మట్టి మీద పడిపోనాది. పిల్లాజెల్లా నేరు. ఇక్కడికి వచ్చీసింది.” చుట్ట తీసి బూడిద దులుపుకుంది. “నువ్వు కచేరీ వోడివి గదా బాబూ. అక్కడ రోడ్డెందుకేసినారో నీకేటైనా ఎరికేటి? అది అడుగుతాది, మాకు సెప్పడం రాదు.”

“తెలీదు,” అన్నాడు సింహాచలం.

తెలీదు! ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. లేచి పోదామంటే నీడ ఇంకా జానెడు ఉంది, ఇవ్వడానికి ఏమీ లేనివాడికి అడ్డం ముందుగా లేవదు. ఆమె ఎదురుగా పది గజాల్లో నిలబడి దొప్ప కడుగుతోంది. చెప్పెయ్యాలి. చెబితే ఏమవుతుంది? పదిహేనుమంది ఆడవాళ్ళు, చేతుల్లో కత్తులున్నాయి కొందరికి, అడ్డాకులు కోసుకునేవే అయినా కత్తులే. భయమా? భయమూ ఉంది. అంతకంటే ఆమె ఆ మొహంతో తన వంక తిరిగి చూస్తుందే, అది పడలేడు. చెప్పకపోతే మటుకు? ఈ ఊళ్ళో వేటకెళ్ళిన మగవాళ్ళు ఎంతమంది ఉంటారు, ఇరవైమంది? ఇంటికొకడు. ఈ కొండ నడుం తవ్వితే కట్ట జారదని ఎవడు చెప్పగలడు? ఆమెకి అన్నదమ్ములున్నారేమో. అడగలేదు, అడగడు కూడా.

పుస్తకం తీశాడు. మొదటి పుటలో తన దస్తూరీ ముత్యాల్లా ఉంది, మైళ్ళు, ఫర్లాంగులు, ఎక్కి పోవలసినది, దిగి పోవలసినది. పనసగుడ దారి పుట చివర రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. చిన్నమ్మలు గుర్తొచ్చింది, గోడ గుర్తొచ్చింది. మామగారి పెరట్లో తన పంచె ఎప్పుడూ తీగ చివరనే ఆరేస్తారు, అల్లుడి బట్టలు నడుమ ఆరెయ్యడం ఖాయమైతేనేనేమో. ఆరేళ్ళు. ఇంకో ఆరేళ్ళు ఆ బల్లమీద కూర్చోగలడా? ‘తీయించిన యెడల’ అన్న రెండు మాటలు రాస్తే చాలు. వాళ్ళెవరో, నేనెవరో. నేను కాకపోతే ఇంకొకడు రాస్తాడు, అవును, కానీ ఇంకొకడికి సైకిలు రాదు కదా. తనకి ఒక్కడికే వచ్చు. గొప్పే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. పెన్సిలు మొన నాలుకకి తగిలించుకుని, ఆగితే మళ్ళీ ధైర్యం చాలదని గబగబా రాసేశాడు. ‘ఏడు చోట్ల మిక్కిలి పెద్ద రాళ్ళు. కదలవు. సైకిలు వెళ్ళదు.’ కదలవు అన్నది అబద్ధం కూడా కాదు, పొద్దున్న తను నెట్టి చూశాడు, నడుం ఇంకా సాక్ష్యం చెబుతోంది. దొర రేపు వస్తాడు, ఏడుసార్లు దిగుతాడు, నాలుగోసారికే విసుక్కుంటాడు. కొట్టేస్తాడు. తను మాత్రం ఖాయం కాడు. సరే. పోనీ. అలా అనుకోగానే కళ్ళు చెమర్చాయి, తన మీద తనకే జాలేసి.

తల ఎత్తేసరికి ఆడవాళ్ళు పల్చబడ్డారు. బుద్రి కూడా లేదు. పొడుగాటి వెదురు బొంగులు భుజాన వేసుకుని, పలుగులు పట్టుకుని, పది పన్నెండుమంది ఏదో పాట పాడుకుంటూ ఎప్పుడో మలుపు తిరిగిపోయారట, పాట సన్నగా కిందనుంచి వినిపిస్తోంది. పనసకాయలకో, దుంపలకో పోయుంటారనుకున్నాడు. నీడ నాలుగు వేళ్ళ దూరానికి వచ్చింది. మూడు వేళ్ళు. పిల్లలు కూడా వచ్చి రాయి చుట్టూ కూర్చుని చూస్తున్నారు, ఎక్కడో కింద ఏదో దొర్లినట్టు బరువైన చప్పుడైంది, కొండల్లో ఏదో ఒక చప్పుడు అవుతూనే ఉంటుంది. రెండు వేళ్ళు. నీడ రాయి అంచు ఎక్కగానే పిల్లలు కేరింతలు కొట్టారు.

“ఎల్లిరా బాబూ,” అంది రాజులమ్మ వెదురు ఎత్తుతూ. “నీ పొద్దు మాకిచ్చినావు. మా ఊరోళ్ళు ఊరికే తీసుకోరు.”

ఆ మాటకి అర్థం ఆలోచించే ఓపిక అతనికి లేదు. వెదురు కింద వంగి దూరి, సైకిలెక్కి, కాలు పెడలు మీద పెట్టాడు, అంతే, తొక్కనక్కర లేకపోయింది, దారే తీసుకుపోయింది. గాలి చొక్కాలో దూరి వీపు మీద ఉబ్బింది. గంటసేపు బిగుసుకున్న కాళ్ళు ఊడినట్టయ్యాయి. ఇప్పపూల వాసన, ఎర్రమట్టి, కరకర, ఎడమకి ఒక వంపు, కుడికి ఒక వంపు, బ్రేకు పట్టనక్కర లేదు, పట్టకు, పట్టకు, సంతబయలు చుట్టూ తిరిగిన మొదటి రోజులా గుండెల్లో అది మళ్ళీ లేచింది, గట్టిగా కేకవేశాడు కూడా, సింహాచలం అనే తాత్కాలికపు మనిషి ఒక్క క్షణం ఎక్కడా లేడు. ఇంకో వంపు. ఇక్కడ దిగినట్టు గుర్తే. లేదేమో, ఇంకా కిందేమో. ఇక్కడ ఒక ఉసిరిచెట్టు ఉండాలి, ఉంది, చెట్టు కింద రాళ్ళుండాలి. చెట్టు కింద పచ్చిమట్టి గుంటలు, అప్పుడే పెకలించినవి, తడిగా నల్లగా ఉన్నాయి. చక్రం వాటి పక్కనుంచి మెత్తగా జారిపోయింది. అప్పటికి ఎన్ని దాటాడు? మూడా? నాలుగా? చెయ్యి బ్రేకు మీదికి పోయింది గానీ వేళ్ళు మాట వినలేదు, అయిదోది కూడా దాటిపోయింది. ఆరోది కూడా.

ఏడో చోట వాళ్ళున్నారు. ఆరుగురు ఒక బొంగు కింద, ఆరుగురు ఇంకో బొంగు కింద, ఒకటే గొంతుతో ‘హెయ్’ అంటూ ఆఖరి రాయిని ఎత్తి దారి అంచు దాటించారు. అది లోయలోకి చెట్లు విరుచుకుంటూ పోయింది. పోడు కొండలు కొట్టి రాళ్ళు దొర్లించే చేతులు అవి, కచేరీ నడుముకి కదలనివి వాటికొక లెక్కా? అతను కాలు నేలకి ఆనించి ఆగాడు. అందరూ చెమటలు తుడుచుకుంటూ అతని మొహంలోకి చూశారు. బుద్రి నవ్వింది. ఆ నవ్వు చూసి సింహాచలానికి అక్కడే కూలబడాలనిపించింది.

“ఎలాగుంది బాబూ దారి? పొద్దుగాల నువ్వు మోసుకోని ఎక్కుతుంటే ఏడుపొచ్చింది మాకు. ఇచ్చినోడిని వట్టి సేతుల్తో పంపకూడదు. ఏడు సోట్లా తీసీసినాం.”

“ఎందుకు తీశారు? ఎవరు తియ్యమన్నారు మిమ్మల్ని?” అని అరిచాడు. వాళ్ళ మొహాలు వాడిపోయాయి. ఒకతె, రాయి ఏమైనా దేవుడి రాయేమోనని, భయంగా లోయలోకి తొంగిచూసింది. ఇప్పుడు సైకిలెక్కి పోవచ్చు. దారి తెరిచి ఉంది. పుస్తకంలో రెండు వరసలు దిద్దుకుంటే చాలు, రాళ్ళు లేవు, సైకిలు వెళ్ళును, ఇప్పుడది పూర్తిగా నిజం, తను తీయించింది కూడా కాదు, వాళ్ళంతట వాళ్ళే చేసుకున్నారు. ఖాయం. ఆ ఆలోచన ఎంత చల్లగా వచ్చి కూర్చుందో చూసి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

“రేపు పొద్దున్న దొర ఈ దారినే వస్తాడమ్మా,” అన్నాడు. “రాళ్ళుంటే విసుక్కుని పోతాడు. లేవనుకో, ఇక్కడ రోడ్డేస్తాడు. ఇంటికో మగాణ్ణి రమ్మంటాడు. జాకరవలసలో రమ్మన్నట్టే.”

“జాకరవలస సంగతి నీకేటెరిక?” అంది బుద్రి.

“ఆ దారి సైకిలుకి సుఖంగా ఉంటుందని రాసింది నేనే. ఆయన్ని తవ్వి తీసినప్పుడు అక్కడే ఉన్నాను.”

లోయలో రాయి ఇంకా ఎక్కడో చిన్నగా దొర్లుతోంది. బుద్రి చేతిలో బొంగు అలాగే ఉంది. కొడుతుందేమో అనుకున్నాడు, కొడితే బాగుండు అనుకున్నాడు. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. చాలాసేపు అతని మొహం వంక కాదు, చేతుల వంక చూసింది. ఆ చూపు పడలేక సైకిలు పక్కన పడేసి, పక్కనున్న గట్టెక్కి, కనిపించిన మొదటి రాయిని రెండు చేతులా పట్టుకుని దారిలోకి లాగబోయాడు. అది కదలలేదు.

“సెయ్యి తియ్యి,” అంది బుద్రి.

“నేను కూడా…”

“మా రాళ్ళు మేవేసుకుంటాం. నువ్వు ముట్టుకోకు. నువ్వెల్లు.”

తరవాత అతనికి అర్థం కాని తమ మాటలో మిగతావాళ్ళతో నాలుగు ముక్కలు చెప్పింది. చెబుతున్నంతసేపూ అందరూ సింహాచలాన్నే చూశారు. ఎవరూ కదిలి అతని దగ్గరికి రాలేదు. బొంగులు భుజాలకెత్తుకుని గట్టెక్కారు, కొండమీద రాళ్ళకేం కొదవ. అతను సైకిలు లేవదీసుకుని, ఎక్కడానికి మనసొప్పక, నడిపించుకుంటూ దిగాడు. మలుపు తిరగకముందే మొదటిది పైనుంచి దొర్లి దారిలో పడింది, కాళ్ళ కింద నేల అదిరింది. కాసేపటికి రెండోది, కొంచెం పైగా. గెడ్డ దగ్గరికి చేరి, నీళ్ళ పక్కన కూర్చుని విన్నాడు. మూడు. నాలుగు. ఈసారి పాట లేదు, ‘హెయ్’ అన్న గొంతు ఒక్కటే, ఆ తరవాత బరువైన చప్పుడు. పొద్దు కొండ మీదికి వాలింది. ఆరు. ఏడు. అమ్మయ్య అని లేచి నిలబడి, మోకాళ్ళు దులుపుకున్నాడు. రేపు దొర పుస్తకం పట్టుకుని వస్తాడు, రాసింది రాసినట్టే ఉంటుంది. అంతలో ఎనిమిదోది దొర్లింది.

పుస్తకంలో ఏడే ఉన్నాయి. సింహాచలం సైకిలు గట్టుకి ఆనించి, పుస్తకం తీసి, పెన్సిలు నాలుకకి తగిలించుకుని, ఏడు కొట్టేసి ఎనిమిది అని దిద్దాడు. దిద్దుతుండగా తొమ్మిదోది పడింది. వెంటనే పదోది. పెన్సిలు జేబులో పెట్టేసుకుని, మిగతావి లెక్కపెట్టకుండా గెడ్డలో దిగాడు.